వావిలాకు గిన్నె

ఎముకల డాక్టరుగారు నా వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూసి, చేతులు చల్లనీళ్ళలో పెట్టకండమ్మా అన్నారు. తడిలో తిరగకండి, చలిగాలి తగలనివ్వకండి అని కూడా అన్నారు. ఆయనది ఏ ఊరో నేను అడగలేదు గాని, కోనసీమ మాత్రం కాదు. గోదావరి పాయల మధ్య, ఏ వీధి చివరికి నడిచినా కాలవే తగిలే చోట, కొబ్బరిచెట్ల కింద ఎండ పొడ సోకని ఇంట్లో, తడి తగలకుండా ఎలా బతకాలో కూడా ఆ చీటీ మీదే రాసివ్వాల్సింది. మా ఇంటి గోడలకే కీళ్ళనొప్పులున్నాయి. ముసురు పట్టిందంటే అవీ చెమరుస్తాయి, ఉబ్బుతాయి, పెచ్చులూడతాయి. వాటికి దొరకని మందు నాకెక్కడ దొరుకుతుంది?

జీవితమంతా బడిలో సుద్దముక్క పట్టుకున్న చేతులు నావి. ఇప్పుడు జాకెట్టు హుక్కు పెట్టుకోవాలంటే మా వారిని కేకెయ్యాలి. ఆయన కళ్ళజోడు వెతుక్కుని, తుడుచుకుని, వచ్చి నిలబడి, "ఏ రంధ్రంలోకే?" అని అడిగేసరికి నాకు నొప్పి కంటే కోపం ఎక్కువవుతుంది. అల్పపీడనం బంగాళాఖాతంలో పుట్టకముందే నా బొటనవేలి మొదట్లో పుడుతుంది. ఆ సంగతి పొద్దున్నే నా మొహం చూసి కనిపెట్టేసి, పాపం ఆయన ఏమీ అనకుండా గొడుగు తీసుకుని కాలవగట్టుకి వెళ్ళి ఇన్ని వావిలి కొమ్మలు విరుచుకొస్తారు. ఆ ఆకు నీళ్ళలో మరగడం మొదలుపెట్టి, ఆ ఘాటు వంటింట్లోంచి వసారాలోకి వచ్చిందంటే చాలు, నేను ఇక్కడుండను. మా అత్తగారి దగ్గరుంటాను.

అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు. నాకు ఉత్తమురాలినయ్యే అవకాశం చాలా ఏళ్ళు రాలేదు. మా అత్తగారు మాట కరుకు, మనసు వెన్న అని రాస్తే అందరి అత్తగార్లలాగే ఉంటుంది గాని, ఆవిడ మనసు కూడా కొంచెం కరుకే. నొప్పిని ఆవిడ చుట్టం అనేవారు. ఆకాశం మబ్బేస్తే చాలు, అరుగు మీంచి కేక: "చుట్టం దిగిందే అమ్మాయ్!" ఇంక ఆ చుట్టం ఉన్నన్నాళ్ళూ మర్యాదలే మర్యాదలు. జిల్లేడాకుకి ఆముదం రాసి, నిప్పు మీద వెచ్చచేసి మోకాలికి కట్టాలి. కల్లుప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టాలి. అన్నింటికంటే పెద్ద మర్యాద వావిలాకు నీళ్ళు. అల్లంకొమ్ముల్లా వంకర్లు తిరిగిన ఆ వేళ్ళు ఆ వేడినీళ్ళలో పెట్టుకుని, "హమ్మయ్య, కూచుందిలే మహాతల్లి" అని కళ్ళు మూసుకునేవారు.

ఆ నీళ్ళు కాచి ఇవ్వడం నా వంతుకి రాకముందు మా మామగారి పని. ఆయన వేదం చదువుకున్న మనిషి. నలుగురూ కాళ్ళకి దండం పెట్టే ఆ మనిషి, జల్లులో ఒక చేత్తో గొడుగూ ఇంకో చేత్తో వావిలి కొమ్మలూ పట్టుకుని వీధంట వస్తుంటే జనం ఊరుకుంటారా?

"ఏమండోయ్ బాబాయిగారూ, ఆకు పూజకాండీ?"

"ఆయ్, పూజకేనండి. మా ఇంటి అమ్మవారికి" అనేవారు ఆయన, ఏమాత్రం తొణక్కుండా.

ఆ అమ్మవారు మాత్రం ఏనాడూ ప్రసన్నం కాలేదు. ఆయన పీట వాల్చి, ఇత్తడి పళ్ళెంలో ఆవిడ కాళ్ళు పెట్టించి, చెంబుతో నీళ్ళు పోస్తుంటే, "కాలిపోతున్నాయండీ" అనేవారు. కాస్త ఆగితే, "చల్లారిపోయేయి, ఇంకెందుకూ?" అనేవారు. ఆయన నవ్వేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో, ఇదేమి సంసారంరా దేవుడా అనుకునేదాన్ని. తర్వాత్తర్వాత తెలిసింది, ఆ ఇంట్లో ముద్దూ మురిపెం అంటే అదేనని.

ఆవిడ వైపు నుంచి దానికి చెల్లు గారెలు. మా మామగారు ఆవిడ చేతి గారె తప్ప ఇంకొకరి గారె ముట్టేవారు కాదు. పెళ్ళిళ్ళలో విస్తట్లో గారె వడ్డిస్తే, దాన్ని మెల్లగా ఓ మూలకి జరిపి పెట్టేవారట. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆవిడకి అది కిరీటం.

ఆయన పోయాక, ఏటా కార్తీక బహుళంలో తద్దినం వచ్చేది. మొదటి ఏడే ఆవిడ నాతో కచ్చితంగా చెప్పేశారు: "కూరలూ పచ్చళ్ళూ పరమాన్నం నువ్వు వండుకో. గారె మాత్రం నాది. నా చేతి గారె లేకపోతే ఆయన విస్తరి దగ్గరికి రారే." హాస్యానికి అన్నారనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నిజంగానే నమ్మారు. ఏడాదికి ఒక్కసారి వచ్చే మనిషి, తన చెయ్యి లేదని గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోతారని ఆవిడ భయం. అప్పట్నుంచీ తద్దినం దగ్గర పడుతోందంటే ఆవిడకి నొప్పి గురించి దిగులు కాదు, వేళ్ళు ఆడతాయా ఆడవా అని దిగులు.

కార్తీకం చివర మా వైపు ఎలా ఉంటుందో చెప్పాలి. చలి ఒక్కటే అయితే కుంపటి పెట్టుకోవచ్చు, వాన ఒక్కటే అయితే తలుపేసుకోవచ్చు. రెండూ కలిసి ముసురుగా దిగితే బట్ట ఆరదు, కట్టె రాజదు, మంచం మీద దుప్పటి కూడా చెమ్మగా తగులుతుంది. అందులో తద్దినం వంట మడితో వండాలి. మడి బట్ట తడిపి, ఎవరూ ముట్టకుండా ఎత్తు దండెం మీద ఆరేసి, స్నానం చేసి వచ్చి కర్రతో తీసి కట్టుకోవాలి. ఆరకపోతే? తడిదే కట్టుకోవాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదీ.

"పట్టుబట్ట కట్టుకోండి అత్తయ్యగారూ, దానికి తడపక్కర్లేదు కదా" అనేదాన్ని.

"పట్టుకీ మడి ఉంది. కానీ తడిగుడ్డకున్నంత మడి దేనికీ లేదే" అనేవారు. ఇంకొంచెం బతిమాలితే, "కందకి లేని దురద కత్తిపీటకెందుకే నీకు?" అని నోరు మూయించేవారు.

ఒక ఏడు దీపావళి వెళ్ళిన దగ్గర్నుంచీ చుట్టం దిగి కూర్చుంది. కదలదు. తద్దినం నాటికి రోజుల తరబడి ఎండన్నది లేదు. పొద్దున్నే నూతి దగ్గర స్నానం చేసి, తడి చీరతో ఆవిడ గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. పెదవులు వణుకుతున్నాయి. కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయి ఉంది. ఎడంచేత్తో ఒక్కొక్క వేలూ విప్పుకోబోయారు. విప్పినంతసేపు పట్టలేదు, మళ్ళీ మూసుకుపోయాయి.

ఇంట్లో మిక్సీ ఉన్నా దానికి మడి లేదు గనక, అప్పటికే నేను రుబ్బురోట్లో మినప్పిండి రుబ్బేశాను. పొత్రం దించి, ధైర్యం చేసి అన్నాను: "గారెలు కూడా ఈసారికి నేనే తట్టేస్తానండీ."

ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. కోపం కాదది. భయం. "నేను పోయేక తట్టుదువుగాని" అని, పొయ్యి ముందు పీట మీద కూలబడ్డారు. కాసేపటికి, "వావిలాకు కాచి, ఆ గిన్నె నా పక్కన పెట్టు" అన్నారు.

"మడిలో మందేమిటండీ?"

"మందెక్కడుందే? ఆకూ, నూతినీళ్ళూ. వాటికి మైలేమిటి? పెట్టు."

పెట్టాను. ఆవిడకి ఎడంపక్క వావిలాకు నీళ్ళ గిన్నె, సెగలు కక్కుతూ. కుడిపక్క గారెలు తట్టడానికి అరచెయ్యి తడిచేసుకునే మామూలు నీళ్ళ గిన్నె. రెండూ ఒకే జత ఇత్తడి గిన్నెలు. నేను రెండో పొయ్యి దగ్గరికి, అరటికాయ కూరకీ పరమాన్నానికీ తిరిగాను. వానకి నానిన కొబ్బరిమట్టలు మండనంటే మండనని పొగ చిమ్ముతున్నాయి. వంటిల్లంతా పొగ, ఆవిరి. కళ్ళనీళ్ళతో నాకు నా చేతిలో గరిటే కనబడటంలేదు, ఆవిడేం చేస్తున్నారో ఏం చూస్తాను?

గారె నూనెలో పడ్డ చప్పుడు మాత్రం వినబడింది. ఒకటి, ఇంకొకటి, మరొకటి. ఆవిడ గొంతు కూడా వినబడింది, ఎంతో హుషారుగా: "ఇవాళ చెయ్యి భలే ఆడుతోందే అమ్మాయ్! చూసేవా, ఆయన తద్దినం అనేసరికి చుట్టం కూడా తప్పుకుంది."

నాకు ఎంత సంతోషమేసిందో. పొగలోనే దండం పెట్టుకున్నాను.

భోక్తలు ఇద్దరు. పెద్దాయన మా మామగారితో ఒకే గురువు దగ్గర చదువుకున్నవారు, అప్పనపల్లి అవతల నుంచి ఆ వానలో బస్సు మారి వచ్చారు. రెండో ఆయన కుర్రవయసు మనిషి. తద్దినంలో భోక్త అంటే వచ్చిన పితృదేవతే. ఆ విస్తరి ముందు ఒక నియమం ఉంది. తింటున్నప్పుడు భోక్త వంట బాగుందని మెచ్చుకోకూడదు, బాగోలేదని వంక పెట్టకూడదు. చివర్లో కర్త తృప్తి అయిందా అని అడగాలి, వారు అయింది అనాలి. అంతే మాట.

నేను గారెలు వడ్డించాను. పెద్దాయన ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, ఆగిపోయారు. విస్తరి కేసి చూశారు. కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ నమలడం మొదలుపెట్టి, గారె పూర్తి చేసి, ఇంకొకటి వెయ్యమని చేత్తో సైగ చేశారు. రెండో ఆయన మాత్రం గారె కొరికినప్పుడల్లా గ్లాసెత్తి నీళ్ళు తాగుతున్నారు. పొలమారిందేమో అనుకున్నాను. వంటింటి తలుపు చాటున అత్తగారు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. మా వారు అడగాల్సింది అడిగారు. "అయింది" అన్నారు పెద్దాయన, గట్టిగా. తలుపు వెనకాల గాజుల్లేని చెయ్యి గుండె మీదికి వెళ్ళడం నేను చూశాను.

ఇక వారు లేచాక మా వంతు. మా వారు మొదటి గారె కొరికి, నావైపు అదోలా చూశారు. నేనూ కొరికాను. ఓరి నాయనో! అది గారె కాదు, కషాయం. నాలుకంతా వావిలాకు చేదు. ముక్కులోంచి వావిలాకు ఘాటు. ఒక్క క్షణంలో అర్థమైపోయింది. వేళ్ళు సాగదీసుకోవడానికి పెట్టిన వేడి గిన్నెలోనే ఆవిడ ప్రతి గారెకీ అరచెయ్యి ముంచి తట్టారు. చల్లని గిన్నె జోలికే వెళ్ళలేదు. చెయ్యి ఆడకేం చేస్తుంది మరి!

ఆవిడ విస్తట్లో గారె వెయ్యకుండా తప్పించుకోవాలని చూశాను. "గారెలు అయిపోయాయండీ" అన్నాను.

"బుట్టెడు చేసేను. ఎలా అయిపోతాయే? తే ఇలా."

వేశాను. ఆవిడ కొరికారు. నమలడం ఆపారు. తల తిప్పి పొయ్యి పక్కనున్న రెండు గిన్నెల కేసీ చూశారు. ఆవిడ నవ్వుతారేమో, నన్ను తిడతారేమో, ఏదో ఒకటి చేస్తే బాగుండునని నేను కోరుకుంటున్నాను. ఆవిడ ఏడ్చారు. మామగారు పోయిన రోజున కూడా అందరినీ ఓదార్చిన మనిషి, గారెముక్క చేత్తో పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చారు.

"ఏడాదికోసారి వచ్చే మనిషికి చేదు పెట్టేనే. ఆయన వచ్చుంటారు, నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయుంటారు. ఇంక ఈ చేతులు ఎందుకే?"

నాకూ ఏడుపొచ్చింది. భోక్తలు ఇంకా వెళ్ళలేదు, వాన తగ్గాలని వసారాలో కూర్చున్నారు. ఆవిడ చెయ్యి కడుక్కుని, ఒంటి మీదే సగం ఆరిన చీరతో గోడ పట్టుకుంటూ వెళ్ళి, తలుపు వార నిలబడ్డారు.

"బాబూ, అపచారం జరిగిపోయింది. గారెలు నేనే పాడుచేసేను. చేదు తినిపించేను మీచేత."

పెద్దాయన గబుక్కున లేచి నిలబడ్డారు. "అయ్యో, ఏం అపచారం వదినగారూ? తృప్తి అయిందన్నాను కదండీ. విస్తరి ముందు ఆ మాట అబద్ధం చెప్పకూడదండి."

"నన్ను ఓదార్చకు నాయనా. నేనూ తిన్నాను."

ఆయన మళ్ళీ కూర్చున్నారు. చూరు నీళ్ళు పడుతున్నాయి. తర్వాత ఆయన మెల్లిగా అన్నారు: "అన్నయ్యా నేనూ ఎక్కడ వేదం చదవడానికి వెళ్ళినా పక్కపక్కనే కూర్చునేవాళ్ళమండి. వానాకాలం వచ్చిందంటే, స్వరానికి ఆయన చెయ్యి కదిపినప్పుడల్లా వావిలాకు వాసన వచ్చేది. మేమంతా వేళాకోళం చేసేవాళ్ళం. వింటేనా? ఇవాళ గారె నోటిదగ్గర పెట్టుకునేసరికి ఆయన నా పక్కనే కూచున్నారనుకున్నానండి. అందుకే ఆగిపోయేను. ఆయన వచ్చేరండి వదినగారూ. నేను చూసేను కదా."

రెండో ఆయన, పాపం నిజాయితీపరుడు, గొంతు సవరించుకున్నారు: "నాకు మాత్రం కొంచెం చేదనిపించిందండీ, ఆయ్."

"నీకు ఆయన తెలీదు కదయ్యా" అన్నారు పెద్దాయన.

మా అత్తగారు లోపలికి వచ్చి, మళ్ళీ విస్తరి ముందు కూర్చుని, వదిలేసిన గారె తీసుకుని చివరి ముక్క దాకా తిన్నారు.

మరుసటి ఏడు నేను జాగ్రత్తపడి, వావిలాకు నీళ్ళు రాగి గిన్నెలో, మంచినీళ్ళు ఇత్తడి గిన్నెలో పెట్టాను. ఆవిడ ఇత్తడి గిన్నె కాలితో జరిపారు. "ఇదెందుకే అడ్డం?" అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో తద్దినం గారెలు చేదుగానే ఉండేవి. బంధువులు ఒకళ్ళిద్దరు మొహాలు ముడుచుకున్నారు. ముడుచుకోనివ్వండి అన్నారు ఆవిడ. రెండో భోక్తగారు వచ్చినప్పుడల్లా చెంబు నిండా నీళ్ళు పక్కన పెట్టించుకునేవారు.

ఆవిడ ఆఖరి ఏడు చేతులు రెండూ మూసుకుపోయాయి. వేడినీళ్ళకీ విప్పుకోలేదు. లేచి కూర్చోలేని మనిషి, నవారు మంచం మీంచే అన్నారు: "గారెలు నువ్వే తట్టు." ఆ మాట కోసం అన్నేళ్ళు చూసినదాన్ని, విన్నాక ఎందుకన్నారా అనిపించింది. "ముందు ఆ గిన్నె ఇలా తే" అన్నారు. వావిలాకు గిన్నె మంచం దగ్గర పట్టుకున్నాను. తడిబట్ట కట్టుకున్న నన్ను తగలకుండా జాగ్రత్తగా, రెండు పిడికిళ్ళూ అందులో ముంచారు. చాలాసేపు ఉంచారు. నొప్పికి కాదని నాకు తెలుసు. తీశాక, "ఇప్పుడు పట్టికెళ్ళు. ఈ నీళ్ళే చేతికి రాసుకుని తట్టు" అన్నారు.

అలాగే తట్టాను. భోక్తలు వెళ్ళాక ఆవిడ దగ్గరికి వెళితే, కళ్ళు తెరవకుండానే అడిగారు: "వచ్చేరా?"

"వచ్చేరండీ" అన్నాను.

ఇప్పుడు ఇద్దరి తద్దినాలూ మేమే పెడుతున్నాం. ఆవిడది మార్గశిరంలో వస్తుంది, మంచుకీ ముసురుకీ సందు లేని రోజుల్లో. అప్పనపల్లి పెద్దాయన లేరు. ఆ రెండో ఆయనే ఇప్పుడు పెద్ద భోక్త, ఆయనకీ మోకాళ్ళనొప్పులు వచ్చాయి. చేదు అలవాటైపోయిందండీ, ఆయ్, అంటారు నవ్వుతూ, చేతులు కడుక్కున్నాక.

మొన్న ఆవిడ తద్దినం. తెల్లారి లేచేసరికి నా కుడిచెయ్యి మూసుకుపోయి ఉంది. నాకు ఏడుపు రాలేదు, చిర్రెత్తుకొచ్చింది. ఆ వేళ్ళని తిట్టుకుంటూ పొయ్యి ముందు కూర్చున్నాను. మా కోడలు అమలాపురంలో కాలేజీలో పాఠం చెబుతుంది. సెలవు పెట్టి, స్నానం చేసి, తడిచీరలో వణుకుతూ వచ్చి నిలబడింది. "మీరు కూచోండి అత్తయ్యగారూ, గారెలు నేను తడతాను. ఫోనులో చూసి నేర్చుకున్నానండీ" అంది.

ఫోను గారెలట! నోటిదాకా వచ్చింది, మింగేశాను. మా వారు విరుచుకొచ్చిన ఆకు అప్పటికే మరిగింది. గిన్నె ముందుకి లాక్కుని రెండు చేతులూ అందులో పెట్టాను. సెగకి ప్రాణం లేచి వచ్చింది. పిండి సిద్ధంగా ఉంది, నూనె కాగింది, పిల్ల అరటాకు ముందేసుకుని నాకోసం చూస్తోంది. అయినా చేతులు తియ్యలేదు, ఉండాల్సినంతసేపూ ఉంచాను. తర్వాత ఆ గిన్నె దానివైపు జరిపాను.

"ఈ నీళ్ళు రాసుకుని తట్టు."

అది వంగి వాసన చూసింది. "గారెలకి చేదు వచ్చేస్తుందేమోనండీ?"

"వస్తుంది" అన్నాను. "తట్టు."